కొట్టం నుంచి ఫామ్‌హౌస్‌కు: చేవెళ్ల కుక్కల వైద్యం

చేవెళ్ల, మొయినాబాద్ పల్లెల్లో కుక్క ఉండే చోటు ఒకప్పుడు మంద దగ్గరే. పగలు గొర్రెల వెంట నడిచేది, రాత్రి దొడ్డి కాసేది. ఒళ్లు చెడితే దానికీ ఎడ్లకు చేసే వైద్యమే చేసేవారు. గజ్జి పడితే గంధకం నూరి కానుగ నూనెలో కలిపి పూయడం, పేలు పడితే సీతాఫలం గింజల పొడి రుద్దడం, గోమార్లు పడితే చేత్తో ఏరి నిప్పుల్లో వేయడం.

వీటిని మోటు వైద్యమని కొట్టిపారేయడం అన్యాయం. గంధకం గజ్జి పురుగును నిజంగానే చంపుతుంది. సున్నం, గంధకం కలిపిన ద్రావణాన్ని పశువైద్యులు గజ్జికీ తామరకూ ఇప్పటికీ వాడుతున్నారు. సీతాఫలం గింజలకు పేలు చస్తాయి, కాకపోతే ఆ పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది.

పాత పద్ధతిలో అసలైన బలం మాత్రం కొట్టాన్ని చూసుకోవడంలో ఉంది. పండగ ముందు గోడ పగుళ్లు పూడ్చి సున్నం కొట్టేవారు, సాయంత్రాలు వేపాకు పొగ వేసేవారు. కుక్కకు పట్టే గోమారి రక్తం తాగి ఉబ్బాక కింద రాలిపోతుంది, గోడ సందుల్లో చేరి వేల గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎదిగే ప్రతి దశలోనూ కుక్కను ఎక్కి, మళ్లీ దిగిపోతాయి. కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే, మిగతావన్నీ ఇంట్లోనే ఉంటాయి.

సర్కారు పశువైద్యం చాలాకాలం సేద్యపు పశువుల చుట్టూనే తిరిగింది. ముసర రోగం మందలకు మందలను తుడిచిపెట్టే రోజుల్లో కుక్క గజ్జిని పట్టించుకునే తీరిక ఎవరికుంటుంది? 1946లో హైదరాబాద్‌లో పశువైద్య కళాశాల వచ్చింది. నేడది రాజేంద్రనగర్‌లో, మొయినాబాద్‌కు దగ్గర్లోనే ఉంది.

ఇక్కడి కుక్కల బతుకు మారడంలో 1996 నాటి 111 జీవోకు పెద్ద పాత్రే ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడేందుకు వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో నిర్మాణాలకు పరిమితులు పెట్టారు. అపార్ట్‌మెంట్లకు దారి మూసుకుపోయిన చోట తోటలు, ఫామ్‌హౌస్‌లు వెలిశాయి. వాటితో పాటే లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు వచ్చాయి. చలి దేశాల ఒత్తు బొచ్చు, మన వానాకాలపు తేమ, చుట్టూ గడ్డి, పక్కనే పశువులు. చర్మ రోగాలకు ఇంకేం కావాలి?

గోమారి తెచ్చే జ్వరం సంగతి అంతకు చాలా ముందే తెలుసు. 1910లో ప్యాటన్ అనే శాస్త్రవేత్త మద్రాస్ హంట్ అనే వేట బృందపు కుక్కల రక్తంలో ఆ జ్వరం తెచ్చే ఒక సూక్ష్మజీవిని గుర్తించాడు. బబేసియా గిబ్సోనీ అని పేరున్న ఆ జీవి నేటికీ మన కుక్కలను పీడిస్తోంది. కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, మూత్రం ముదురు రంగుకు తిరిగితే రక్తపరీక్షకు ఆలస్యం చేయకూడదు.

1981లో పశువులకు ఐవర్‌మెక్టిన్ వచ్చాక గజ్జి వైద్యమే మారిపోయింది. జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి పుట్టిన ఆ మందుకు పునాది వేసిన ఒమురా, క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ దక్కింది. అయితే పశువుల కోసం తెచ్చిన సీసాలోంచి అందాజుగా కుక్కకు ఎక్కించడం ప్రమాదం. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి ఈ మందు మెదడులోకి చొరబడి ప్రాణం తీయగలదు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయడం ఇంకా ఘోరం. కుక్క దాన్ని నాకుతుంది, విషం కడుపులోకి పోతుంది.

దురద పెట్టే గజ్జిని పసిగట్టడానికి వైద్యులు ముందుగా చెవి అంచును వేళ్ల మధ్య నలుపుతారు. వెనక కాలు దానంతటదే గోకుతున్నట్టు ఆడితే అనుమానం బలపడుతుంది. ఇంట్లో మనుషులకూ దురద మొదలైందా అని అడుగుతారు. తర్వాత బ్లేడుతో చర్మాన్ని కాస్త నెత్తురు చెమర్చేదాకా గీకి, నూనె చుక్కలో వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. కూనల కళ్ల చుట్టూ బొచ్చు ఊడి, దురద పెద్దగా లేకపోతే అది డెమోడెక్స్ అనే మరో రకం గజ్జి కావచ్చు. ఆ రకం మనుషులకు అంటదు. గుండ్రటి మచ్చలైతే తామర, పిల్లి నుంచి చిన్నపిల్లలకు తేలిగ్గా అంటుకుంటుంది.

ఇప్పుడు ఒక్క మాత్రతో నెల పైచిలుకు గోమార్లను ఆపే మందులు దొరుకుతున్నాయి. కుక్కలకు వాడే పర్మెత్రిన్‌ను మాత్రం పిల్లి దరిదాపులకు రానివ్వకూడదు, అది పిల్లికి ప్రాణాంతకం. మాత్ర వేశాక కూడా కుక్క పడుకునే షెడ్డును కడగాలి, గోడ పగుళ్లు పూడ్చాలి, పరుపు ఎండలో వేయాలి.