పాత పెన్‌డ్రైవ్ ఉందా?

2024 జులై 19, శుక్రవారం. మన గడియారంలో పొద్దున 9 గంటల 39 నిమిషాలు. అమెరికాలోని ఆస్టిన్ కేంద్రంగా నడిచే క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ నుంచి ఒక చిన్న ఫైలు ప్రపంచం మీదికి బయల్దేరింది. పేరు చానల్ ఫైల్ 291. కంప్యూటర్లలోకి చొరబడేవాళ్ల కొత్త ఎత్తుగడలను పసిగట్టే సూచనలు అందులో ఉంటాయి. అలాంటివి తరచూ వస్తూనే ఉంటాయి. వచ్చినట్టు కూడా ఎవరికీ తెలియదు.

మాదాపూర్‌లోని ఒక ఆఫీసులో మొదట రిసెప్షన్ సిస్టమ్ పడిపోయింది. నీలం తెర, దాని మీద ఏడుపు మొహం గుర్తు. తనంతట తానే రీస్టార్ట్ అయింది. మళ్లీ నీలం తెర.

"అన్నా, మూడో ఫ్లోర్‌లో ఓ వరస మొత్తం పోయింది."

"అప్‌డేట్ ఏమన్న పడ్డదా?"

"విండోస్ అప్‌డేట్ అయితే లేదన్నా. అందరికీ ఒకేసారి ఎలా పోతాయి?"

"ముందైతే నీ లాప్‌టాప్ నెట్ నుంచి పీకెయ్ తమ్మీ. తర్వాత మాట్లాడుదాం."

ఈ అన్న, ఈ తమ్ముడు ఫలానా అని వేలెత్తి చూపించగల మనుషులు కారని ఇక్కడే చెప్పేయాలి. ఆ మూడు రోజులూ ఐటీ సపోర్టు డెస్కుల్లో కూర్చున్నవాళ్ల పాట్లను ఇద్దరి మీద పెట్టి చెబుతున్నాను, అంతే. తేదీలు, అంకెలు, ఫైలు పేర్లు మాత్రం ఉన్నవున్నట్టే.

నెట్ నుంచి పీకెయ్యమన్నప్పుడు అన్న అనుమానించినట్టు అది వైరస్ కాదు. కంచే చేను మేసింది. క్రౌడ్‌స్ట్రైక్ వారి ఫాల్కన్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త ఫైలు 21 విలువల కోసం చూస్తే, లోపలి కోడ్ అందించేవి 20. ఆ ఇరవై ఒకటోదాని కోసం మెమరీలో తనది కాని చోటికి వెళ్లింది. మామూలు ప్రోగ్రామైతే అదొక్కటే మూతపడేది. ఫాల్కన్ ఉండేది విండోస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో. అక్కడ ఇలాంటి తప్పు దొర్లితే విండోస్ మొత్తం ఆగిపోతుంది.

10 గంటల 57 నిమిషాలకల్లా క్రౌడ్‌స్ట్రైక్ ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. అంటే తప్పు బతికింది 78 నిమిషాలు. కానీ పడిపోయిన సిస్టమ్‌కు ఈ దిద్దుబాటు అందేదెలా? నెట్ కలిసేలోపే ఫాల్కన్ లేస్తోంది, ఆ ఫైలు చదువుతోంది, నీలం తెర వస్తోంది. కొన్ని మాత్రం పదే పదే రీస్టార్ట్ చేయగా ఎప్పుడో ఒకసారి మంచి ఫైలు ముందు అంది లేచి కూర్చున్నాయి. మైక్రోసాఫ్ట్ అయితే తన క్లౌడ్ సర్వర్ల విషయంలో కొందరికి 15 సార్ల దాకా రీస్టార్ట్ చేయాల్సి వచ్చిందని చెప్పింది. పెద్ద సంస్థ ఇచ్చే సలహాయేనా ఇది అని అప్పట్లో చాలామంది నవ్వుకున్నారు. పని చేసింది మరి.

మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం పడిపోయిన విండోస్ యంత్రాలు 85 లక్షలు. మొత్తం విండోస్ యంత్రాల్లో ఒక శాతం కూడా కాదు. కాకపోతే ఆ ఒక్క శాతం లోపు విమానాశ్రయాల్లో, ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో ఉంది. శంషాబాద్‌లో ఇండిగో సిబ్బంది బోర్డింగ్ పాస్‌లను పెన్నుతో రాసిచ్చారు. ఆ ఫోటో దేశమంతా తిరిగింది. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు విమానయాన మంత్రిగా బాధ్యత తీసుకుని అప్పటికి నెలన్నర కూడా కాలేదు.

విరుగుడు మధ్యాహ్నానికే తెలిసిపోయింది. చెప్పుకుంటే రెండు ముక్కలు. సిస్టమ్‌ను సేఫ్ మోడ్‌లోకి తేవాలి. సిస్టమ్32 లోపలి డ్రైవర్స్‌లో ఉన్న క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్‌కు వెళ్లి సి-00000291తో మొదలయ్యే ఫైలును తీసేయాలి. తీసేస్తే చాలు, మామూలుగా లేస్తుంది.

అయితే డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంది. అది తీయాలంటే 48 అంకెల కీ కావాలి. చాలా సంస్థల్లో ఆ కీలు ఉండే సర్వర్లు కూడా అదే నీలం తెర మీద కూర్చున్నాయి. అన్న అదృష్టం కొద్దీ వీళ్ల సర్వర్ ఒకటి సాయంత్రానికి లేచింది. అప్పటినుంచి ఫోన్లే ఫోన్లు.

"మేడం, ఆరేసి అంకెలు చెప్తా. ఆపిన చోటల్లా ఆగండి."

హనుమకొండలో ఇంటి నుంచి పనిచేసే అకౌంట్స్ మేడం కళ్లజోడు సర్దుకుని కీబోర్డు ముందు కూర్చుంది. మూడో గుంపు దగ్గర తప్పు పడింది. ఆరు అంకెల ప్రతి గుంపునూ 11తో భాగిస్తే శేషం రాకూడదు, బిట్‌లాకర్‌లో ఆ ఏర్పాటు ఉంది. అందుకే ఒక్క అంకె జారినా ఆ గుంపు దగ్గరే దొరికిపోతుంది. ఎవరు ఆలోచించి పెట్టారో గానీ ఆ శుక్రవారం రాత్రి వాళ్లకు దండం పెట్టాలి.

ఇలా ఒక్కొక్కరికీ చదివి వినిపిస్తూ పోతే తెమిలేది కాదు. శనివారం మైక్రోసాఫ్ట్ ఒక రికవరీ టూల్ విడుదల చేసింది. మాదాపూర్‌లో దాన్ని చేతిలోకి తీసుకునేసరికి ఆదివారం తెల్లారింది. అది లష్కర్ బోనాల ఆదివారం. అన్న ఇంట్లోవాళ్లు ఉజ్జయిని మహంకాళి గుడి దగ్గర క్యూలో ఉన్నారు. అన్న మాత్రం టేబుల్ సొరుగులు లాగుతున్నాడు.

"ఎవరి దగ్గరన్న పాత పెన్‌డ్రైవ్ ఉందా? ఎనిమిదో, పదహారో."

"నా దగ్గర 128 జీబీ ఉందన్నా, కొత్తది."

"అది పనికిరాదు. ఫ్యాట్32 చేయాలె. 32 దాటితే విండోస్ ఆ ఫార్మాట్ చెయ్యదు."

కొత్తవన్నీ 64, 128. ఎప్పుడో ఏదో సదస్సులో ఊరికే ఇచ్చిన కంపెనీ ముద్ర పెన్‌డ్రైవ్‌లకు ఆ రోజు గిరాకీ వచ్చింది. తమ్ముడు బ్యాగులోంచి 16 జీబీది ఒకటి తీశాడు.

"ఇందులో ఏమున్నయ్?"

"అక్క పెళ్లి ఫోటోలు."

"ముందు అవి కాపీ చేసుకో. ఇది మొత్తం తుడిచేస్తది."

తమ్ముడు చేసిన మొదటి పెన్‌డ్రైవ్‌తో సిస్టమ్ లేవలేదు. టూల్ తయారుచేసిన ఐఎస్‌వో ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొట్టి, పెట్టి, ఎదురు చూశాడు. కంప్యూటర్‌కు అది మామూలు ఫైలే. పవర్ నొక్కగానే మదర్‌బోర్డులోని యూఈఎఫ్‌ఐ వెతికేది ఫ్యాట్32 విభాగంలో ఈఎఫ్‌ఐ అనే ఫోల్డర్, అందులో బూట్ అనే ఫోల్డర్, అందులో బూట్‌ఎక్స్64 అనే ఫైలు. అది దొరికితేనే పగ్గాలు దానికి అప్పగిస్తుంది. లేకపోతే పెన్‌డ్రైవ్ ఉన్నా లేనట్టే లెక్క.

"గట్ల కాపీ కొడితే బూట్ గాదు తమ్మీ. స్క్రిప్టునే నేరుగా పెన్‌డ్రైవ్ మీదికి రాయనియ్యి."

ఈసారి పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి స్క్రిప్టు నడిపారు. అది కావలసిన సరంజామా డౌన్‌లోడ్ చేసుకుంది, విన్‌పీఈ అనే బుల్లి విండోస్‌ను అల్లింది, డ్రైవ్ అక్షరం అడిగింది. తప్పు అక్షరం కొడితే ఇంకో డ్రైవ్ తుడిచిపెట్టుకుపోతుంది గనక అన్న రెండుసార్లు చూసి ఎంటర్ నొక్కాడు.

తర్వాత అంతా కాళ్ల పని. డెల్‌కు, లెనోవోకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ ఎంచుకోవాలి. నల్లటి తెర మీద టూల్ బిట్‌లాకర్ కీ అడుగుతుంది, ఇస్తే చెడ్డ ఫైలును తనే వెతికి తీసేస్తుంది. పెన్‌డ్రైవ్ పీకి పక్క సీటుకు. కీల జాబితా ప్రింటు తీసి తమ్ముడు చదువుతుంటే అన్న కొట్టాడు. ఆ ఫ్లోర్ అయ్యాక ఇంకో ఫ్లోర్.

ఇక్కడో సంగతి. 2010 ఏప్రిల్‌లో మెకఫీ యాంటీవైరస్ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీకి చెందిన అసలైన ఫైలునే వైరస్ అనుకుని పక్కన పెట్టేసింది. అప్పుడూ సపోర్టువాళ్లు ఇలాగే ఒక్కో సిస్టమ్ దగ్గరికి తిరిగారు. అప్పుడు మెకఫీలో చీఫ్ టెక్నాలజీ ఆఫీసర్ జార్జ్ కుర్ట్జ్. 2024లో క్రౌడ్‌స్ట్రైక్ సీఈఓ కూడా ఆయనే.

సాయంత్రానికి ఒక్క లాప్‌టాప్ మిగిలింది. దాని బిట్‌లాకర్ కీ ఎక్కడా లేదు. ఎప్పుడో చేతికిచ్చే ముందు సర్వర్‌లో దాచడం ఎవరో మరిచారు. కీ లేకుండా ఆ డిస్కును చదవలేం. చెరపడానికి మాత్రం ఏ కీ అక్కర్లేదు. అన్న మీడియా క్రియేషన్ టూల్‌తో 16 జీబీ పెన్‌డ్రైవ్‌ను మళ్లీ తుడిచి, ఈసారి పూర్తి విండోస్‌తో బూటబుల్ చేశాడు. ఎఫ్12 నొక్కి, పార్టిషన్లు డిలీట్ చేసే ముందు దాని యజమానికి ఫోన్ కలిపాడు.

"సార్, ఫార్మాట్ కొట్టాల్సి వస్తుంది. డెస్క్‌టాప్ మీద ఏమైనా పెట్టుకున్నారా?"

"అన్నీ అక్కడే కదండీ పెట్టేది!"

"వన్‌డ్రైవ్‌లోకి సింక్ పెట్టారా?"

అటువైపు కాసేపు మాట లేదు. "ఆ ఆప్షన్ వచ్చినప్పుడల్లా తర్వాత అని కొట్టేవాణ్ని."

"సరే సార్," అంటూ అన్న తమ్ముడికి సైగ చేశాడు. తమ్ముడు డిలీట్ నొక్కాడు.