ప్రేక్షకుడు తిరగరాసిన కథ

నందిగామ చుట్టుపక్కల ఒక పల్లెలో మిరప కల్లం మీద తీసిన నాలుగు నిమిషాల వీడియో ఒకదానిని నా విద్యార్థులు నాకు చూపించారు. ‘మాయాబజార్’ సినిమాలో ఘటోత్కచుడు పెళ్ళివారికోసం వండిన పిండివంటలన్నీ ఒక్కడే ఆరగించే ఘట్టముంది గదా, దానిని ఈ కుర్రవాళ్ళు సెల్‌ఫోనుతో మళ్ళీ తీశారు. కిరీటం అట్టముక్క. గద పత్తికట్టెకు గుడ్డ చుట్టి చేసింది. అయితే వీళ్ళ ఘటోత్కచుడి ముందు వున్నవి లడ్డూలు కావు, బడిలో పెట్టే మధ్యాహ్న భోజనం. వాడు నోరు తెరవగానే ఉడికిన కోడిగుడ్డు గాలిలో తేలివచ్చి నోట్లో పడుతుంది. దారం కనబడుతూనే వుంది. రెండవసారి నోరు తెరుస్తాడు. ఏమీ రాదు. ‘ఈ వారానికి అయిపోయినవి రాజా!’ అని వెనకనుంచి ఒక గొంతు వినబడుతుంది. ఘటోత్కచుడు గద భుజాన వేసుకొని కంచం కడుక్కోవడానికి బోరింగు దగ్గరకు పోతాడు.

నాతోపాటు చూచిన ఉపాధ్యాయ మిత్రుడొకరు నవ్వారు. నవ్విన తరువాత, ‘ఇదంతా సినిమా పిచ్చి. ఎవడో తీసినదానికి వీళ్ళు కోతివేషం వేశారు. స్వంతంగా ఒక కథ అల్లుకోలేరా?’ అన్నారు. ఆయన అన్నమాట మన అభ్యుదయ విమర్శకులలో చాలామంది అనేదే. ఒకప్పుడు నేనూ అన్నాను. సినిమా బాణీలో పాటకట్టి ఊరేగింపులో పాడిన విద్యార్థులను, ‘శత్రువు ఆయుధం మీద మోజు పడ్డారు’ అని మందలించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ మందలింపు తప్పని ఇప్పుడు అనుకొంటున్నాను. ఎందుకు తప్పో చెప్పాలంటే కొంత వెనక్కు వెళ్ళవలసి వుంది.

మన సాహిత్య చరిత్రకారులు కవులకు, నాటకకర్తలకు చరిత్ర రాశారు. ఆ కృతులను చూచినవాళ్ళు, విన్నవాళ్ళు వాటిని ఏం చేసుకొన్నారో రాయలేదు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వాల్మీకి రాసిన పాత్రలు కావు. రామరావణ యుద్ధం నడుమ దూరి ఊరి సంగతులు చెప్పి, పెద్దలను ఎగతాళి చేసిపోయే ఆ ముగ్గురూ లేకపోతే తెల్లవార్లూ కూర్చునే జనమే లేరు. ఇతిహాసం పెద్దలది, వ్యాఖ్యానం మాత్రం మాది అని జనం అనుకొన్నారన్నమాట.

దీనికి ‘హరిశ్చంద్ర’ నాటకాన్ని మించిన నిదర్శనం మరొకటి లేదు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల పల్లెల్లో పెద్దవాళ్ళను ఎవరినైనా అడగండి, హరిశ్చంద్రలో ఏది బాగుంటుందని. కాటిసీను అంటారు. కాటిసీనులో ఏ పద్యాలని అడిగితే, శ్మశానాన్ని గురించిన పద్యాలంటారు. వాటికోసమే ‘వన్స్‌మోర్’ కొట్టేవాళ్ళు, వాటికోసమే నటుడికి చదివింపులు పడేవి. ఆ పద్యాలు నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతకవి (1881-1953) రాసినవి కావు. గుర్రం జాషువ (1895-1971) వేరే సందర్భంలో, వేరే ఖండికగా రాసినవి. నాటకంలోకి వాటిని తెచ్చి పెట్టినవాళ్ళు నటులు. తీసివేయనివ్వకుండా నిలబెట్టినవాళ్ళు ప్రేక్షకులు. డి.వి.సుబ్బారావు వంటి నటుల కంఠాన పడి అవి ఎంతగా నాటకంలో కలిసిపోయినవంటే, అవి బలిజేపల్లివారివే అనుకొనే పండితులు కూడా నాకు తగిలారు.

ఈ అతుకు ఎక్కడ పడిందో చూడండి. పురాణకథ ప్రకారం సూర్యవంశపు రాజు పతనానికి పరాకాష్ఠ ఏమిటి? కాటికాపరి వీరబాహుకు దాసుడు కావడం. అంటే అంటరానివాడి కొలువే అన్ని కష్టాలకన్న పెద్దకష్టమని కథ చెబుతుంది. సరిగ్గా ఆ చోట, అంటరానితనాన్ని జీవితమంతా అనుభవించిన కవి పద్యాలు వచ్చి కూర్చున్నవి. చావు ముందు రాజుకూ పేదకూ తేడా లేదనీ, కులం ఆ నేలమీద చెల్లదనీ రాజవేషంలో వున్నవాడే పాడవలసి వచ్చింది. ఏ సంఘమూ తీర్మానం చేయలేదు, ఏ విమర్శకుడూ సలహా ఇవ్వలేదు. నాటకాన్ని ప్రేమించిన జనం, ప్రేమించినందువల్లనే, దానికి లోటుగా వున్నదాన్ని మరొకచోటనుంచి తెచ్చి పూరించుకొన్నారు. జాషువ రచనలను కులం కారణంగా ఈసడించుకొన్న ఊళ్ళలో కూడా ఆ పద్యాలకు ఈలలు పడినవి. దీనివల్ల ఆ ఊళ్ళలో అంటరానితనం పోలేదు నిజమే. కాని ఇటువంటి మార్పు నాటకకర్త ఒక్కడి చేతిలో జరిగేది కాదు.

ఇంక ఆ కల్లంలోని ఘటోత్కచుడి సంగతి. ‘అసలు’ మాయాబజార్ అంటున్నాము గాని, అసలుది ఎక్కడుంది? వ్యాసభారతంలో అభిమన్యుడికి ఉత్తరతో పెళ్ళి. బలరాముడి కూతురు శశిరేఖ, ఆమె పెళ్ళికోసం ఘటోత్కచుడు చేసిన మాయ—ఇవన్నీ భారతాన్ని ఇష్టపడి విన్నవాళ్ళు తరువాత అల్లుకొన్నవి. ఆ కథను సురభివారు రంగస్థలం మీద నడిపించారు, 1936లో పి.వి.దాసు దర్శకత్వంలో తెరకెక్కింది. 1957 మార్చి 27న కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయావారి చిత్రం వచ్చింది. అందులో పింగళి నాగేంద్రరావు కల్పించిన మాటలు ఇవాళ ఇళ్ళలో వాడుక. పాండవుల పక్షాన నడిచే ఆ కథలో పాండవులు తెరమీద కనబడనే కనబడరు! కొసరు పాత్రల చుట్టూ కొత్తకథ అల్లడం అభిమానుల పని అయితే, మన వాళ్ళు ఏకగ్రీవంగా మెచ్చుకొనే చిత్రం సాక్షాత్తూ అభిమానుల కథే. 1995లో ఎస్.వి.కృష్ణారెడ్డి ఘటోత్కచుణ్ణి మన కాలానికి దింపి ఒక చిన్నపిల్లకు నేస్తాన్ని చేశారు. నందిగామ కుర్రవాళ్ళు బోరింగు దగ్గరకు పంపారు. వరుస ఒకటే.

(ఒక చిన్నమాట. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగినప్పుడు నందిగామ, జగ్గయ్యపేటలు కృష్ణా జిల్లానుంచి విడివడి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. నది పేరిటి జిల్లా పోయి, ఆ సినిమాలో కృష్ణుడి వేషం వేసిన నటుడి పేరిటి జిల్లా వచ్చింది. సినిమా మన జీవితంలో లేదని నటించే విమర్శకులు తమ చిరునామా రాసుకొనేటప్పుడైనా ఆలోచించుకోవాలి.)

ఈ మెట్టప్రాంతానికి మరొక జ్ఞాపకముంది. 1947నాటికి ఇది బ్రిటిషు ఆంధ్రకూ నైజాముకూ సరిహద్దు. సరిహద్దు కూడా తిన్నగా వుండేది కాదు. మునగాల పరగణా కృష్ణా జిల్లాకు చెందుతూ నైజాము గ్రామాల నడుమ ద్వీపంలా వుండేది. 1959లోగాని నల్లగొండ జిల్లాలో కలవలేదు. ఇటు నందిగామకు దగ్గరలో పరిటాల, దాని చుట్టుపక్కల ఊళ్ళు నైజాముకు చెందుతూ కృష్ణా జిల్లా నడుమ వుండేవి. అక్కడి ప్రజలు 1947లో స్వతంత్రం ప్రకటించుకొని స్వంత పాలన నడుపుకొన్నారు. అటువంటి నేలమీద ఆడిన నాటకం ‘మా భూమి’. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాశారు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి దానిని ఊరూరా తీసుకుపోయింది. వందకు పైగా దళాలు ఆడినవి. 1948లో మద్రాసు ప్రభుత్వం నిషేధించింది.

వందకు పైగా దళాలంటే అర్థమేమిటి? నటనలో శిక్షణపొందినవాళ్ళు అంతమంది ఎక్కడనుంచి వస్తారు? ఒక ఊళ్ళో చూచి, మరొక ఊళ్ళో ‘మనమూ ఆడదాం’ అనుకొన్న రైతుబిడ్డలు, కూలీలు, బడిపంతుళ్ళు లేకుండా ఆ సంఖ్య రాదు. మండలి చేపట్టిన బుర్రకథ రూపంలోనే అందుకు చోటుంది: కథకుడు కథ చెబుతుంటే ఒక వంత హాస్యం, మరొక వంత రాజకీయం. కథలోకి నేటి సంగతి జొరబడడానికి తలుపు తీసిపెట్టిన కళారూపమది. ‘మా భూమి’ పేరే పెట్టుకొని 1980లో సినిమా వచ్చింది. కథ మాత్రం ఆ నాటకంనుంచి కాదు, కిషన్ చందర్ ఉర్దూ నవలనుంచి. బండి యాదగిరి పోరాటకాలంలో కట్టిన పాటను అందులో గద్దర్ పాడారు. తెరకెక్కిన ఆ పాట తిరిగి పల్లెకు వచ్చి, నైజాము పేరున్నచోట స్థానిక మోతుబరుల పేర్లు పెట్టించుకొని మళ్ళీ మళ్ళీ పాడించుకొంది. అటువంటి రూపాంతరాలు కొన్ని నేను చెవులారా విన్నాను. ఇంకా విచిత్రమేమంటే అదే బాణీలో ఆ మోతుబరుల పార్టీ ఎన్నికల పాటకూడా విన్నాను!

అందువల్ల ప్రేక్షకుడు చేసిన ప్రతిమార్పూ అభ్యుదయమని పొంగిపోవడం కూడా పొరపాటు. కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’ వేశ్యావ్యసనాన్ని ఖండించిన నాటకం. ఊరూరా ఆడగా ఆడగా సుబ్బిసెట్టి పాత్ర పెరిగి పెరిగి, రచయిత రాయని బూతు హాస్యంతో నాటకాన్నే మింగింది. ఒక కులంవారు అవమానపడ్డామన్నారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. నిషేధాన్ని నేను సమర్థించను. కాని సుబ్బిసెట్టిని పెంచింది జనం కాదా? హరిశ్చంద్రలో జాషువను నిలబెట్టినవాళ్ళే చింతామణిలో ఆ బూతును నిలబెట్టారు. అక్కడ కిందివాడి గొంతు కథలోకి వచ్చింది. ఇక్కడ నవ్వుకు లొంగిన ఒక కులం బొమ్మ వచ్చింది. పరీక్ష ఇదే కావాలి గాని, అనుకరణా స్వంతమా అన్నది కాకూడదు. పేరు తెచ్చుకొన్న వీడియోలకూ ఇదే వర్తిస్తుంది. 2020లో నెల్లూరు కుర్రాళ్ళు ‘సరిలేరు నీకెవ్వరు’ పోరాట దృశ్యాన్ని మళ్ళీ తీసి అందరినీ ఆశ్చర్యపరిచారు. పనితనం చూస్తే మెచ్చుకోక తప్పదు. అయినా కథానాయకుడు ఎలా నడిచాడో అలాగే నడవడంలో ఆనందం అక్కడికే ఆగిపోతుంది; కోడిగుడ్డు అయిపోయిన ఘటోత్కచుడి దగ్గర అది ముందుకు పోతుంది.

ఇది మన పల్లెల వింత ఏమీ కాదు. అమెరికాలో ‘స్టార్ ట్రెక్’ అనే టెలివిజన్ ధారావాహిక అభిమానులు 1967లోనే తమ కథలతో స్వంత పత్రిక అచ్చువేసుకొన్నారు. అటువంటి రచనలో తొలినుంచీ స్త్రీలది పెద్దచెయ్యి. మన దగ్గరా ‘కార్తీక దీపం’ వంటలక్క కష్టాలను చూచి, ‘నేనయితే ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కను’ అని కథను మార్చి చెప్పుకోని ఇల్లు వుందా? కొందరు దానిని కాగితం మీద పెడుతున్నారు. ఆ ధారావాహిక స్వయంగా మలయాళంనుంచి తెచ్చుకొన్నదే. కంపెనీ డబ్బిచ్చి తిరిగి తీస్తే ‘రీమేక్’, గృహిణి తిరిగి రాస్తే కాలక్షేపం!

చట్టం ఏమంటుందో కూడా మన విద్యార్థులు తెలుసుకోవాలి. మాయాబజార్ వచ్చిన 1957లోనే మన కాపీరైటు చట్టం వచ్చింది. ఔత్సాహిక సంఘం డబ్బు పుచ్చుకోకుండా నాటకం ఆడితే అది నేరం కాదని అందులో 52వ సెక్షను చెబుతుంది. పల్లెలో పందిరివేసి ఆడే నాటకాన్ని ఆ మేరకు చట్టం గుర్తించింది. కాని ఆ వెసులుబాటు సాహిత్య, నాటక, సంగీత కృతులకు; సినిమా ఊసు అందులో లేదు. పేరడీకి ప్రత్యేకంగా రక్షణా లేదు. విమర్శ పేరుతో వాదించుకోవాలి. మిరప కల్లంలో తీసిన నాలుగు నిమిషాల వీడియో వాదించుకోవడానికి కోర్టుకు పోగలదా?

ఇంతకన్న పెద్ద చిక్కు మరొకటుంది. పందిరి ఊరివాళ్ళది, పెట్రోమాక్సు లైటు అద్దెకు తెచ్చుకొన్నది. ఈ కొత్త పందిరి ఎవరిది? కుర్రవాళ్ళ శ్రమ చూపించి ప్రకటనలు అమ్ముకొనేది కంపెనీ. 2020 జూన్ 29న కేంద్రప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. మన పల్లెల పిల్లలు అందులో పెట్టిన వేషాలు, పాటలు అన్నీ రాత్రికి రాత్రి ఊరికి కనబడకుండా పోయినవి. ‘మా భూమి’ నిషేధమైనప్పుడు నాటకం ఆడినవాళ్ళ నోట మిగిలింది. వీటిని ఎవరైనా దాచారా? ప్రదర్శనకు ఎంతమంది వచ్చారో లెక్కలు రాసుకొన్న మనం, ఈ పల్లె వేషాలలో ఒక్కదాన్నయినా భద్రపరిచామా?

నా విద్యార్థులకు ఇంటి దగ్గర ఒక పెట్టె కొని పెట్టుకొని తాము తీసినవన్నీ అందులో దాచమని చెప్పాను. తలూపారు, దాచారో లేదో. తరువాత ఏం తీస్తారని అడిగితే కథ చెప్పమన్నారు. పరిటాల సంగతి చెప్పాను—ఊరు ఇటు, నవాబు అటు, నడుమ జనం జెండా ఎగరవేసి స్వంత పాలన పెట్టుకోవడం. నోరు తెరుచుకొని విన్నారు. ఆ పరిటాల మీదుగానే రోజూ బస్సులో విజయవాడ పోతారు వాళ్ళు.

‘అందులో ఫైటింగు వుందా మాస్టారూ?’ అని అడిగాడు ఘటోత్కచుడు.

వుందన్నాను.