సినిమా చూశారు, సరే. పోస్టు పెట్టే ముందు ఇది చదవండి

కొత్త సినిమా విడుదలైన రోజు సాయంత్రం బళ్లారిలో ఏ ఫోన్ తెరిచినా అదే సందడి. స్టేటస్‌లో హీరో బొమ్మ, క్లాసు గ్రూపులో "ఎట్లుంది?" అని ఒక ప్రశ్న, దాని కింద వరసగా జవాబులు. కొన్ని తెలుగులో, కొన్ని కన్నడలో, ఎక్కువ భాగం ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగులో. ఇందులో తప్పేమీ లేదు. చూసినదాని గురించి మాట్లాడుకోవడం మన ఊరికి కొత్త కూడా కాదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభను, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమ సభను నడిపిన ఊరు ఇది. ఆచార్యులవారి మేనల్లుడు బళ్లారి రాఘవ (1880–1946) వృత్తికి వకీలు; తెలుగు, కన్నడ, ఇంగ్లీషు నాటకాల్లో వేషం కట్టారు. రెండు నాటక సభలున్న ఊళ్లో ఎవరిది బాగుంది అనే వాదన రాకుండా ఉంటుందా? కాకపోతే ఆనాడు ఆ మాట అరుగు మీద పుట్టి అరుగు మీదే ఆగిపోయేది. ఇప్పుడు మీరు రాసిన ఒక్క వాక్యం గంటలో బెంగళూరు, హైదరాబాదు రెండూ చుట్టి వస్తుంది.

2022 మార్చి మీకు గుర్తుండే ఉంటుంది. ఆర్ఆర్ఆర్ మార్చి 25న విడుదలైంది. దానికి ముందు వారంలోనే చిక్కబళ్లాపురలో పెద్ద సభ పెట్టారు. అయినా విడుదల దగ్గరపడేసరికి, కర్ణాటకలో తెలుగు ప్రతికే ఎక్కువ ఆటలు ఇచ్చి కన్నడ డబ్బింగ్‌ను పక్కన పెట్టారని కన్నడ ప్రేక్షకులు ట్విట్టర్‌లో నిరసన మొదలుపెట్టారు. సినిమాను బహిష్కరించాలన్న హ్యాష్‌ట్యాగ్ ట్రెండ్ అయింది. ఆ సినిమా తీసిన రాజమౌళి పుట్టింది మన పొరుగు రాయచూరు జిల్లాలోనే అన్నది ఆ గొడవలో ఎంతమందికి తట్టిందో!

ఇట్లాంటప్పుడు మన పిల్లలు ఇరుకున పడతారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, పక్క బెంచీ స్నేహితుడు అటువైపు. "నువ్వు ఏ భాషలో చూశావ్?" అని అడిగితే అది సినిమా గురించిన ప్రశ్న కాదని వాళ్లకు తెలుసు. మా అభిప్రాయం ఇది: ఆ నిరసనలో న్యాయం ఉంది. తన రాష్ట్రంలో తన భాషలో సినిమా చూడాలని ఒకరు కోరుకోవడమూ, మనం తెలుగు బడి కోరుకోవడమూ ఒకే కోవలోవి. రాజ్యాంగం 30వ అధికరణం భాషా అల్పసంఖ్యాకులకు బడులు పెట్టుకునే హక్కు ఇచ్చింది. 350ఎ ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాటు చేయమని రాష్ట్రాలకు చెబుతుంది. అందుకని "మేము తెలుగులో చూశాం, మాకు నచ్చింది" అని రాయండి, జంకక్కర్లేదు. "మీ భాషలో ఎవరు చూస్తారు" అని మాత్రం రాయకండి. రెండోది సినిమా మీద అభిప్రాయం కాదు.

ఒక చిన్న మాట తేడా కూడా కొట్లాటకు దారితీస్తుంది. కన్నడలో 'నీవు' అంటే గౌరవంగా 'మీరు' అని అర్థం. తెలుగులో 'నీవు' అంటే ఏకవచనం. కన్నడ మిత్రుడు మర్యాదగా పలకరిస్తే మనవాడు "నన్ను నీవు అంటాడా" అని ఉడుక్కుంటాడు! ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు ఈ తికమక ఇంకా ఎక్కువ. 'పాట', 'పాత' రెండింటినీ చాలామంది ఒకేలా రాస్తారు, చదివేవాడు ఊహించుకోవాల్సిందే. ఫోన్‌లో తెలుగు కీబోర్డు ఉంది, సెట్టింగ్స్‌లో ఒకసారి పెట్టుకుంటే చాలు. యూనికోడ్ పట్టికలో తెలుగు అక్షరాల పక్క గడే కన్నడది. అక్కడ కూడా మనం ఇరుగుపొరుగే.

ఇక చట్టం సంగతి. ఆన్‌లైన్‌లో చిరాకు కలిగించే మాట రాసినా అరెస్టు చేయడానికి వీలిచ్చిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. కాబట్టి "సినిమా బాగాలేదు, సెకండాఫ్ సాగదీశారు" అనడానికి మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది. కానీ భాష పేరుతో వర్గాల మధ్య ద్వేషం పెంచడం వేరు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద దానికి మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. మీరు రాయకపోయినా, అట్లాంటిది ఫార్వర్డ్ చేస్తే "నేను రాయలేదు సార్" అని తప్పించుకోలేరు.

చాలామందికి తెలియని ఇంకో విషయం: థియేటర్‌లో ఇంట్రో సీను ఫోన్‌తో తీసి స్టేటస్ పెట్టడం. అందరూ చేస్తున్నారు కదా అంటారు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం సినిమా మొత్తాన్నే కాదు, దానిలో ఒక భాగాన్ని కూడా నకలు తీయడాన్ని నిషేధించింది. శిక్ష మూడు నెలల నుంచి మూడేళ్లు, జరిమానా కనీసం 3 లక్షలు. టికెట్ ఫోటో పెట్టుకోండి, పోస్టర్ దగ్గర నిలబడి సెల్ఫీ దిగండి, తెర వైపు మాత్రం కెమెరా తిప్పకండి. విమర్శ కోసం, సమీక్ష కోసం కొంత భాగాన్ని న్యాయంగా వాడుకోవడానికి కాపీరైట్ చట్టంలో వీలుంది. హాల్లో దొంగచాటుగా తీయడానికి అది వర్తించదు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, వాట్సాప్ ఏదైనా 13 ఏళ్లు నిండకుండా ఖాతా తెరవకూడదు. "మా వాడికి తప్పు పుట్టిన సంవత్సరం వేసి నేనే తెరిచిచ్చాను" అనేవాళ్లు మనలో ఉన్నారు. అట్లా చేస్తే పిల్లల ఖాతాలకు ఉండే రక్షణలు వాడికి అందవు. యూనిఫామ్, ఐడీ కార్డు కనిపించే రీల్స్ వద్దు. బడి పేరు, తరగతి, వచ్చే పోయే దారి అన్నీ అపరిచితులకు తెలిసిపోతాయి.

ఎవరైనా బెదిరిస్తే, ఫోటో మార్చి పెడితే, దాన్ని వెంటనే తుడిచేయకండి. ముందు స్క్రీన్‌షాట్ తీసి, తేదీ, ఖాతా పేరు రాసిపెట్టుకోండి, తర్వాత రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేయండి. అయితే మార్ఫింగ్ ఫోటోలు అసభ్యంగా ఉంటే వాటిని మీరు ఇంకెవరికీ పంపకండి, టీచరుకైనా సరే; ఫోన్ తెచ్చి చూపించండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి, పిల్లలకు ఏ ఇబ్బంది వచ్చినా 1098కి ఫోన్ చేయండి.