నాదయంత్రముల పొత్తు

పాత రికార్డుల పళ్లెరమును, పాత లౌడుస్పీకరును గలవారు వానికిఁ దగిన ఆంప్లిఫయరును గొనుటకు ముందు దాని చరిత్ర నెఱుఁగుట మేలు.

1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫును, 1887లో బెర్లినర్ బిళ్ల రికార్డుల గ్రామఫోనును నిర్మించిరి. నాఁడు సూది కదలికయే పలుచని పొరను గదలింపఁగా కొమ్మునుండి ధ్వని వెలువడెడిది. నడుమ విద్యుత్తు లేదు. 1906లో డి ఫారెస్టు మూఁడు ధ్రువముల వాల్వును నిర్మించెను. 1925లో విద్యుత్తుచే రికార్డు చేయు పద్ధతి వాడుకలోనికి వచ్చెను. ఆ యేఁడే రైసు, కెల్లాగులు తీగచుట్టతోఁ గదలు లౌడుస్పీకరును బ్రకటించిరి. అంతట సూదికిని స్పీకరునకును నడుమ ఆంప్లిఫయరు దూతయై నిలిచెను.

దూత యిరువురి భాషయు నెఱుఁగవలయును. స్ఫటికపు పికప్పు కంటె అయస్కాంతపు పికప్పు మిక్కిలి తక్కువ విద్యుత్తును, అనఁగాఁ గొన్ని మిల్లీవోల్టులనే, యిచ్చును. కావున దానికి వేఱుగా ఫోనో ద్వార ముండవలెను. మఱియు రికార్డునందు మంద్రమును దగ్గించి, తారమును హెచ్చించి చెక్కుదురు. ఆంప్లిఫయరు దానిని సరిచేయును. 1954కుఁ బూర్వము ఈ కొలత కంపెనీ కొక తీరుగా నుండెను. ఆ యేఁట అమెరికాలో నొక్క కొలత యేర్పడెను. అందుచేఁ బాత 78 చుట్ల రికార్డులకు స్వరము దిద్దు మర లవసరము.

ఇఁక స్పీకరు మాట. వాల్వు యంత్రమందు, స్పీకరుపై వ్రాసిన ఓముల సంఖ్యకు సరియైన కొసకే తీగ తగిలింపవలెను. ట్రాన్సిస్టరు యంత్రమునకు, అది యోర్వఁగల కనిష్ఠసంఖ్యకుఁ దక్కువైన స్పీకరును దగిలించినచో యంత్రము వేఁడెక్కి చెడును. శక్తి మితిమీఱినచో పాత స్పీకరే చెడిపోవును.

గతించిన గాయకుల కంఠము లా రికార్డులందే నిలిచియున్నవి. వెల చూచి కాదు, పొత్తు చూచి యంత్రమును గొనుఁడు.