గుడ్ల డబ్బులు

మా పక్కింటి పిన్నిగారు పెరట్లో కోళ్ళు పెంచుతానని ప్రకటించిన రోజున బాబాయిగారు పేపరు మడిచి పక్కన పెట్టి మరీ నవ్వారు. "నాలుగు కోళ్ళు, నలభై రోగాలు!" అన్నారు. పిన్నిగారు చిన్నబుచ్చుకుని పిట్టగోడ దగ్గరకొచ్చింది. "చరిత్ర చదువుకున్నదానివి కదమ్మా, కోళ్ళు పెంచి బాగుపడిన ఆడదాని కథ ఒక్కటైనా లేదూ?" అని అడిగింది.

లేకేం!

అసలు కోడిని మనం అడవికి వెళ్ళి పట్టుకొచ్చామని కాదు, గింజల కోసం అదే మన ఇళ్ళ చుట్టూ చేరిందని ఇప్పటి పరిశోధకులు అంటున్నారు. ఆగ్నేయాసియా ఎర్ర అడవికోడి దానికి మూలం. థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అనే చోట తవ్వకాల్లో దొరికిన కోడి ఎముకలు క్రీ.పూ. 1650-1250 నాటివని 2022లో తేల్చారు. వరి, చిరుధాన్యాలు పండే చోట రాలిన గింజలు ఏరుకోడానికి వచ్చి, అది అక్కడే ఉండిపోయిందట. ఇక గింజలు చెరిగే చేతులు ఎవరివో వేరే చెప్పాలా?

1923లో అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో సెసిల్ స్టీల్ అనే ఇల్లాలు ఉండేది. భర్తది తీరరక్షక దళంలో ఉద్యోగం. ఈవిడ గుడ్ల కోసం కాసిని కోళ్ళు పెంచుకునేది. ఆ యేడు యాభై పిల్లలు కావాలని రాస్తే, పొరపాటున అయిదు వందలు వచ్చాయి! మనమైతే లబోదిబోమని తిప్పి పంపేవాళ్ళం. ఆవిడ కొట్టం వేయించి, వాటిని పెంచి, మాంసానికి అమ్మింది. 1926కల్లా పదివేల కోళ్ళు పట్టే షెడ్డు కట్టించింది. భర్త ఉద్యోగం మానేసి ఆవిడ వ్యాపారంలోనే చేరాడు.

ఇది విన్నాక పిన్నిగారు బాబాయిగారి వైపు చూసిన చూపు మీరు చూడాలి!

కానీ ఈ కథకు రెండో వైపూ ఉంది. అలా మొదలైన వ్యాపారం పెరిగి పెరిగి కోడిని పెరట్లోంచి పెద్ద పెద్ద షెడ్లలోకి నడిపించింది. కోడితోపాటే ఆడవాళ్ళ చేతిలోని చిల్లర డబ్బులూ వెళ్ళిపోయాయి.

మళ్ళీ పెరటి కోడికి విలువ వచ్చింది రెండో ప్రపంచ యుద్ధంలో. ఇంగ్లండులో 1941 నుంచి గుడ్లకు రేషను. మనిషికి వారానికి ఒక్క గుడ్డు, అదీ దొరికితే! కోళ్ళున్న ఇల్లాలు తన గుడ్ల రేషను వదులుకుంటే ప్రభుత్వం బదులుగా దాణా ఇచ్చేది. ఆ దాణాలో ఉడికించిన బంగాళాదుంప తొక్కలు, వంటింటి మిగుళ్ళు కలిపి పెట్టేవాళ్ళు. 1953లో గానీ ఆ రేషను పోలేదు.

మన దగ్గరో? తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మను చూసి ఇన్నాళ్ళూ నవ్వుకున్నాం. ఊరు ఊరంతా నిప్పు కోసం ఆవిడ గడప తొక్కిందన్న సంగతి మాత్రం మర్చిపోయాం.

మన నాటుకోడి కాసిని గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చుంటుంది. పిల్లలు పెద్దయ్యేదాకా మళ్ళీ గుడ్డు మాటెత్తదు. అందుకే హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. గుడ్లకైతే గ్రామప్రియ మేలు. ఇక బాబాయిగారు చెప్పిన నలభై రోగాల్లో పెద్దది కొక్కెర తెగులు. కుమావూ కొండల్లోని రాణిఖేత్ పేరే దానికి పెట్టారు. వచ్చాక చేసేదేమీ లేదు. పిల్లలుగా ఉన్నప్పుడే టీకా చుక్కలు వేయించాలి.

పిన్నిగారు నాలుగు పెట్టల్ని తెచ్చింది. రాత్రి పిల్లి, ముంగిస దూరకుండా గట్టి గూడు కట్టించింది. తవుడు, నూకలు, కూరల తొక్కులతో మేపింది. "పుంజు లేకుండా గుడ్లెలా పెడతాయే?" అన్నారు బాబాయిగారు.

"పిల్లలకైతే పుంజు కావాలి గానీ, గుడ్డుకెందుకండీ?" అంది పిన్నిగారు.

అయిదు నెలలు దాటాక మొదటి గుడ్డు వచ్చింది. బాబాయిగారు ఆమ్లెట్టు వెయ్యమన్నారు. పిన్నిగారు చెయ్యి చాపింది.

"ఇంట్లోవాడి దగ్గరా డబ్బులే?"

"రేషను వదులుకుంటే దాణా ఇస్తారుట. మీరేం వదులుకున్నారు?"

ఆయన నవ్వుతూ జేబులోంచి పది రూపాయలు తీశారు. అవి నేరుగా పోపులపెట్టెలోకి వెళ్ళాయి. మర్నాటి నుంచి కూరల తొక్కులు ఏరి గూటి దగ్గరకు తీసుకెళ్తున్నది మాత్రం బాబాయిగారే!