పేరు కలిస్తే మనిషి కలిసినట్టేనా? పాతబస్తీ పేర్లు, డేటాబేస్, రేషన్ కార్డు

ఈ రోజు టాపిక్ డేటాబేస్‌లో పేర్లు వెతకడం. బోర్ అనుకోకండి, ఇది లక్షల ఇళ్ల బియ్యం కథ.

సాఫ్ట్‌వేర్ జాబ్‌లో నేను రోజూ వాడిన కమాండ్ ఒకటుంది: లైక్. ఎస్‌క్యూఎల్‌కి మూలమైన ‘సీక్వెల్’ని 1974లో ఐబీఎం వాళ్లు డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ప్రపంచానికి చూపించారు. 1986 స్టాండర్డ్‌లో లైక్ ఉంది. ‘సయ్యద్%’ అని అడిగితే సయ్యద్‌తో మొదలయ్యే పేర్లన్నీ వస్తాయి. పర్సెంట్ గుర్తంటే తర్వాత ఏమున్నా ఓకే అని.

ఇప్పుడు దీన్ని చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో పెట్టి చూడండి. మహమ్మద్ అనే పేరు ఉర్దూలో ఒకే తీరుగా రాస్తారు. ఇంగ్లిష్‌కి వచ్చేసరికి ఒక కార్డులో పూర్తి పేరు, ఇంకో కార్డులో ఉత్త ‘ఎండీ’. మనిషి ఒక్కడే, లైక్‌కి మాత్రం ఇద్దరు. ఇంకోవైపు, సయ్యద్ అలీలు ఊరంతా ఉంటారు.

స్పెల్లింగ్ గొడవకి పాత మందు సౌండెక్స్. 1918లో అమెరికాలో రాబర్ట్ రస్సెల్ పేటెంట్ తీసుకున్నాడు. మొదటి అక్షరం ఉంచి, మిగతా హల్లుల్ని అంకెలుగా మారుస్తుంది. మహమ్మద్‌ని ఇంగ్లిష్‌లో ఎలా సాగదీసి రాసినా ‘ఎం530’ వస్తుంది. బాగుంది కదా? కానీ మహమూద్‌కీ అదే కోడ్! ‘ఎండీ’కి మాత్రం వేరే కోడ్. అంటే వేరే మనిషిని కలిపింది, అదే మనిషిని విడదీసింది.

1930లలో అమెరికా ఈ సౌండెక్స్‌తో 1880 జనాభా లెక్కలకి ఇండెక్స్ చేయించింది. ఎందుకు? బర్త్ సర్టిఫికెట్ లేని ముసలివాళ్లు వయసు నిరూపించుకుని పెన్షన్ తీసుకోవడానికి. అక్కడ పేర్ల పోలికతో మనిషిని వెతికి పట్టుకున్నారు.

మన దగ్గర? తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే సిస్టమ్ పేరు, అడ్రస్ లాంటి వివరాలు పోల్చి వేర్వేరు శాఖల రికార్డుల్ని ఒకే మనిషికి కలుపుతుంది. ఇది లైక్ కంటే చాలా పెద్ద టెక్నాలజీ, కానీ అడిగే ప్రశ్న అదే: ఈ పేరు ఆ పేరులా ఉందా? హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి ఇంటికి, అలాంటి పేరే ఉన్న వేరే ఆయన కారు అంటగట్టి రేషన్ ఆపేశారని 2024లో వార్తలొచ్చాయి.

హైదరాబాద్‌కి చెందిన ఎస్.క్యూ. మసూద్ ఈ రద్దుల మీద కోర్టుకెళ్లారు. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డుల్ని ఫీల్డ్‌లో మళ్లీ చెక్ చేయాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. చెక్ చేస్తే వేల కుటుంబాలు అర్హులేనని తేలింది.

బోగస్ కార్డులు ఏరొద్దని నేను అనట్లేదు. క్వెరీ ఇచ్చేది అనుమానితుల లిస్టు మాత్రమే. ఆ లిస్టు పట్టుకుని ఎవరో ఒకరు వెళ్లి తలుపు కొట్టాలి, ‘ఆ కారు మీదేనా?’ అని అడగాలి. కార్డు తీసేయడం ఆ తర్వాతి సంగతి.

ఈ రోజు ఇంట్లో అమ్మానాన్నల ఆధార్, రేషన్ కార్డు పక్కపక్కన పెట్టి స్పెల్లింగ్ చూడండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.