టిక్కెట్టు లేని నాటకశాల



మన ఊళ్ళ జాతరల్లో తోలుబొమ్మలాటకూ, వీధినాటకానికీ టిక్కెట్టు అడిగేవారు కారు. ఖర్చు ఊరు భరించేది. కూలివాడూ చాప పరచుకుని కూర్చుని చూసేవాడు. ఈ పద్ధతినే ఒక మహానగరంలో నిలబెట్టడానికి కోర్టుకెక్కిన మనిషి గురించి ఈ వేళ చెప్పుకుందాం.

ఆయన పేరు జోసెఫ్ పాప్. 1921లో న్యూయార్కు నగరం బ్రూక్లిన్‌లో పేద వలస కుటుంబంలో పుట్టాడు. షేక్స్‌పియర్ నాటకాలు ఉచిత గ్రంథాలయంలో చదువుకున్నాడు. పుస్తకం ఉచితంగా దొరుకుతుంటే నాటకం ఎందుకు దొరకకూడదన్నదే ఆయన ప్రశ్న. 1956లో ఈస్ట్ నది ఒడ్డున, మరుసటి ఏడు సెంట్రల్ పార్కులో ఉచిత ప్రదర్శనలిచ్చాడు.

1959లో పార్కుల కమిషనర్ రాబర్ట్ మోజెస్ అడ్డుపడ్డాడు. జనం తొక్కిడికి గడ్డి పాడవుతోంది, టిక్కెట్టు పెట్టి ఆ ఖర్చు ఇవ్వమన్నాడు. పాప్ ఒప్పుకోలేదు. ఒకటి రెండు డాలర్లే కదా అనుకుంటున్నారా? నాటకం ఎన్నడూ చూడనివాడు, నచ్చుతుందో లేదో తెలియని దానికి కూలి డబ్బు ఎందుకు పెడతాడు చెప్పండి! పై కోర్టు పాప్ పక్షాన తీర్పిచ్చింది. 1962లో ఆ పార్కులోనే డెలకోర్ట్ నాటకశాల తెరిచారు. డబ్బుకు బదులు వరుసలో నిలబడే ఓపిక ఉంటే చాలు.

ఉచితమంటే ఖర్చు లేదని కాదు. అక్కడ నగరమూ, దాతలూ భరించారు; ఇక్కడ ఊరు భరించింది. మన నాటక సమాజాలవారు ప్రదర్శనకు రెండు వరుసలు బడిపిల్లలకు విడిచిపెడితే, రేపటి ప్రేక్షకులు అక్కడే తయారవుతారు.